మూల షాపు, మీసాల మాప్

నేను చీపుర్లు అమ్ముకునే మనిషిని. చీపుర్లే కాదు, మాప్‌లు, బకెట్లు, బ్రష్షులు, గాజు తలుపులు తుడిచే రబ్బరు పట్టీలు, దుమ్మెత్తే చేటలు, శుభ్రం అనే మాటతో దూరపు చుట్టరికం ఉన్న ప్రతి సరుకూ నా దగ్గర దొరుకుతుంది. ఈ వ్యాపారంలో జుట్టు నెరిసిందే కానీ ఒక్కనాడూ నేల తుడిచి ఎరగను. అందులో తప్పేముందని అనుకునేవాణ్ణి. మందుల షాపాయన తన మందులన్నీ మింగి చూసి అమ్ముతున్నాడా?

మా షాపు ఒక పెద్ద కాంప్లెక్స్‌లో కింది అంతస్తులో ఉంది. కింద హాలు, హాలు చుట్టూ షాపులు, హాలు మీద పైకప్పు దాకా ఖాళీ. పైన పళ్ళ డాక్టరు క్లినిక్, ఆడిటరు ఆఫీసు, కంప్యూటర్ క్లాసులు. అన్నిటికన్నా పైన ఓనరమ్మ ఇల్లు. ఇంత భవనంలో నాకు దక్కిన చోటు మెట్ల వెనక. కుడివైపు గోడ, ఎడమవైపు బాత్రూమ్‌లు. నా బోర్డు చదవాలంటే మనిషి కాస్త వంగాలి. వంగినవాడికి ముందు బాత్రూమ్ బోర్డు కనిపిస్తుంది. అయినా షాపు నడుస్తోందంటే కారణం నా నోరేనని నాకు గట్టి నమ్మకం. చీపురు కోసం వచ్చినవాడి చేత బకెట్ కూడా మోయించి పంపగల నోరు అది. అలాంటి నోటికి మంచి చోటు కూడా తోడైతే ఎలా ఉంటుందని రోజూ లెక్కలు కట్టుకునేవాణ్ణి.

మంచి చోటంటే మూల షాపు. పెద్ద తలుపు దాటి హాల్లోకి రాగానే కుడిచేతి వైపు ఉంటుంది. ఒక షట్టర్ హాల్లోకి, ఇంకొకటి వీధిలోకి. అక్కడుండే ఫొటో ఫ్రేములాయన ఖాళీ చేసి వెళ్ళినప్పటి నుంచీ షట్టర్లు దించి ఉన్నాయి. నా మనసు మాత్రం ఆ షట్టర్ల కింది సందులోంచి దూరి, లోపల ఎప్పుడో కాపురం పెట్టేసింది. వీధిలో పోయే మనిషి తల వంచకుండా, మెడ తిప్పకుండా నా బోర్డు చదవాలి. బతుకులో నేను అడిగిందల్లా అంతే.

ఆ మూల మీద మా తోడల్లుడికీ కన్ను పడింది. అతను మా ఆవిడ చెల్లెలి భర్త. అదే హాల్లో లిఫ్ట్‌కి ఎదురుగా చెప్పుల షాపు అతనిది. నాకు కావాల్సిన వస్తువు అతనికి అక్కర్లేకుండా పోవడమనేది మా పెళ్ళిళ్ళయిన నాటి నుంచీ జరగలేదు. నన్ను 'అన్నయ్యా' అంటాడు, 'మీరు' అంటాడు, ఎదురుపడితే పక్కకి తప్పుకుని దారిస్తాడు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండిపోతుంది. బాకీ ఉన్నవాడు పెట్టే నమస్కారంలా ఉంటుంది.

ఇద్దరం ఒకే రోజు ఓనరమ్మని అడగడానికి పైకి వెళ్ళాం. ఓనరమ్మకి అద్దె కన్నా హాల్లో పరిచిన నల్లరాయి మీద ప్రేమ ఎక్కువ. ఆ రాయిని తనే వెళ్ళి పలక పలకా ఏరి తెచ్చుకుందట. ఒకప్పుడు అందులో మొహం చూసుకుని జుట్టు సర్దుకోవచ్చు. శుభ్రం చేసే కంపెనీ వాళ్ళతో ఆవిడకి మాటా మాటా వచ్చి వాళ్ళు మానేశాక, ఆ రాయి వాడిపోయిన మొహం వేసుకుని ఉంది.

మా ఇద్దరి విన్నపాలూ విని, ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అతని సరుకు మట్టిని లోపలికి తెస్తుంది. నీ సరుకు బయటికి పంపుతుంది. అందుకని ముందు నీకే అవకాశం ఇస్తున్నాను," అంది నాతో. "ఈ నెలాఖరు దాకా హాలు నువ్వు చూసుకో. ఆఖరి రోజు దిగి వచ్చి చూస్తాను. నచ్చితే మూల నీది. నచ్చకపోతే అతనిది."

మంచి మనిషిని పెట్టి చేయిస్తానన్నాను.

"మనిషిని పెట్టేదైతే నేను పెట్టుకోలేనా? నీ సరుకు గురించి లోకమంతా చెప్తావుగా నాయనా. నువ్వే చెయ్యి."

మా తోడల్లుడు గోడకేసి తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

కిందకి దిగుతూ లెక్క వేసుకున్నాను. సరుకు నాది, చేతులు నావి, పొద్దున్న షాపు తెరిచేదాకా ఉండే సమయం ఎలాగూ దండగే. పైగా నేను తుడుస్తుంటే చూసినవాళ్ళు అదే మాప్ కావాలని అడుగుతారు. పెట్టుబడి లేని వ్యాపారం ఇంతవరకూ ఎవరికీ తట్టలేదే అని నా మీద నాకే ముచ్చటేసింది.

మర్నాడు షాపులు తెరవకముందే వెళ్ళి, నా దగ్గరున్న వాటన్నిటిలోకీ మెత్తని గడ్డి చీపురు ఏరి పట్టుకున్నాను. "నేలకి తెలియకుండా దుమ్ము పోతుంది" అని దాన్ని అమ్ముతుంటాను. దుమ్ము నిజంగానే నేల మీంచి పోయింది. పైకి లేచింది, కిటికీలోంచి పడే ఎండలో కాసేపు నిదానంగా తిరిగింది, తర్వాత తనకి నచ్చిన చోట కూర్చుంది. అప్పుడే షాపు తెరిచి చెప్పుల స్టాండ్లు బయట పెట్టుకున్న మా తోడల్లుడి తెల్లజోళ్ళు దానికి బాగా నచ్చాయి.

అతను ఒక చెప్పు తీసుకుని ఉఫ్ఫని ఊది, వేలితో గీత గీసి నాకు చూపించాడు.

"అన్నయ్యా, నా మీద కోపముంటే మొహం మీద చెప్పండి. ఇలా పొద్దున్నే దుమ్మెత్తి పోయడం ఎందుకు?"

చీపురు వల్ల లాభం లేదని ఆ పూటే తేలిపోయింది. ఇంత పెద్ద రాతినేలకి దుమ్ముని లేపేది కాదు, పట్టుకునేది కావాలి. అలాంటిది నా దగ్గరే ఉంది. పొడవాటి పట్టీకి రెండు పక్కలా నూలుదారాలు వేలాడుతుంటాయి, మధ్యలో కర్ర. తడి అక్కర్లేదు, పొడినేల మీద నెట్టుకుంటూ పోవడమే. పెద్దమనిషి మీసంలా ఉందని దానికి మీసాల మాప్ అని నేనే పేరు పెట్టాను. కంపెనీ పెట్టిన పేరు ఎవరికీ గుర్తు లేదు, నేను పెట్టిన పేరుతోనే అడుగుతారు.

పేరు పెట్టగలిగాను కానీ దాన్ని నడపడం నాకు చేతకాలేదు. ఇంట్లో తడిగుడ్డ వేసేవాళ్ళని చూసిన జ్ఞానంతో ముందుకీ వెనక్కీ లాగాను. ముందుకి నెట్టినప్పుడు పట్టుకున్న దుమ్ముని వెనక్కి లాగినప్పుడు నేలకి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాను. గోడ దాకా వెళ్ళి మాప్ ఎత్తి తిప్పాను. ఎత్తిన ప్రతిచోటా ఒక బూడిదరంగు మీసం మిగిలింది. కాసేపటికి హాలంతా మీసాలే. చివరికి మాప్‌ని బయటి మెట్ల మీదకి తీసుకెళ్ళి గట్టిగా దులిపాను. గాలి వీధిలోంచి లోపలికి వీస్తోంది. ఇక చెప్పేదేముంది, పడ్డ కష్టమంతా నాకన్నా ముందు లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి నడుము పట్టేసి పడుకుంటే మా ఆవిడ మాప్ అట్టపెట్టె తెచ్చి నా పక్కన పెట్టింది. దాని మీద బొమ్మలున్నాయి. ఒక మనిషి మాప్‌ని నెడుతున్నాడు, లాగడం లేదు. గోడ దగ్గర ఎత్తకుండా పాము మెలి తిరిగినట్టు తిప్పుతున్నాడు. ఎప్పుడూ ఒకే అంచు ముందుంటోంది. వెళ్ళిన చాలుకి కాస్త ఆనించి పక్కచాలు పడుతున్నాడు, దున్నుతున్నట్టు. చివరికి దుమ్మంతా ఒకచోటికి చేర్చి, కుచ్చు బ్రష్‌తో చేటలోకి ఎత్తుతున్నాడు. అలాంటి పెట్టెలు ఎన్ని అమ్మానో నాకే తెలియదు. ఆ బొమ్మలు పెట్టె అందం కోసం వేశారనుకున్నాను.

బొమ్మలో మనిషిలా నెట్టడం అలవాటయ్యాక పని దారిలో పడింది. నా జబ్బు మాత్రం పోలేదు. చాలు మధ్యలో ఎవరైనా ఎదురైతే నిలబడి, మాప్ గొప్పతనం చెప్పి, ఆర్డరు తీసుకోబోయేవాణ్ణి. ఆ నిలబడ్డ చోట దుమ్ము నల్లగీతలా మిగిలిపోయేది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సమ్మ నన్ను చూడగానే లిఫ్ట్ మానేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది.

కొన్నాళ్ళకి మాప్ మొండికేసింది. ఎంత నెట్టినా దుమ్ము పక్కకి జారిపోతోంది. మధ్యాహ్నం షాపులో నాకు సాయంగా కూర్చునే మా ఆవిడ, మూలన నిలబెట్టిన మాప్‌ని చూసి ముక్కు చిట్లించింది. దీన్ని ఉతకరా అని అడిగింది.

నా నోరు నా అనుమతి లేకుండానే మొదలైంది. ఉతకాల్సిన పనే లేకపోవడమే దీని గొప్పతనమనీ, ఎంత దుమ్ము తాగితే దారం అంత పట్టు సాధిస్తుందనీ, ఈ ధరకి ఇలాంటిది ఇంకెక్కడా దొరకదనీ చెప్పుకుపోతున్నాను.

"ఏవండీ," అంది. "నేను కొనడానికి రాలేదు."

మీసం ఊడదీసి, సబ్బునీళ్ళలో ముంచి పిండింది. వచ్చిన నీళ్ళు హాల్లో రాయి కన్నా నల్లగా ఉన్నాయి. మర్నాడు మాప్ నేల మీద వెన్నలా జారింది. అమ్మేటప్పుడు చెప్పే మాటలు కొనేవాళ్ళ కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొదటి కస్టమర్ని నేనేనని, అందరికన్నా ముందు నమ్మి మోసపోయింది నేనేనని అప్పుడు తెలిసింది. తెలిసింది కదా అని బుద్ధి వచ్చిందనుకోకండి. దానికి ఇంకా చాలా దూరం ఉంది.

మధ్యలో వానలు పట్టుకున్నాయి. అదే సమయంలో మా తోడల్లుడు రబ్బరు చెప్పుల మీద తగ్గింపు ధర పెట్టాడు. ఊరి బురదంతా కొనుగోలుదారుల కాళ్ళతో హాల్లోకి నడిచొచ్చింది. బురద ఆరేదాకా కాచుకుని, మెల్లగా గీకి, తర్వాత మాప్ నెట్టి, మళ్ళీ బురద వచ్చేదాకా నిలబడేవాణ్ణి. వాన కూడా అతనే తెప్పించాడని నాకు అనుమానం వచ్చింది. మా మరదలు టీ తెచ్చిచ్చి, సర్దిచెప్పబోయింది.

"ఆయనకి మీతో పోటీ కాదు బావగారూ. లిఫ్ట్ కోసం నిలబడ్డవాళ్ళంతా మా షాపుకి వీపు చూపించి నిలబడతారు. వీపులకి చెప్పులు ఎలా అమ్ముతాం చెప్పండి. ఆ మూలైతే మొహాలు కనిపిస్తాయని ఆయన ఆశ."

ఆ మాట విని నాకు జాలి వేసిన మాట నిజం. ఆ జాలి టీ తాగినంతసేపు ఉంది.

నెల ముగింపుకొచ్చేసరికి నేల తిరిగి మొహం చూపించడం మొదలుపెట్టింది. పొద్దున్నే చేటలోకి ఎత్తిన దుమ్ముని చూడడం కూడా నాకొక సరదా అయింది. పెద్ద తలుపు దగ్గర ఇసుక. లిఫ్ట్ దగ్గర కాగితం ముక్కలు, చీటీలు. చెప్పుల షాపు ముందు పెట్టెల్లో పెట్టే పల్చటి కాగితం. మూల షాపు ముందు మాత్రం ఇసుక లేదు, చెత్త లేదు, ఊదితే ఎగిరే నూగు ఉండలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎంత శుభ్రమైన చోటు, నాకోసమే ఇలా ఉంచారన్నట్టుందని మురిసిపోయేవాణ్ణి.

ఆఖరి రోజు వచ్చింది. ఓనరమ్మ భోజనం వేళకి ముందు దిగి వస్తానని కబురు పంపింది. మామూలుగా తుడిచి ఊరుకుంటే సరిపోయేది. నేల బాగానే ఉంది. కానీ ఆఖరి నిమిషంలో సరుకుకి కాస్త మెరుపు పెట్టకుండా ఉండలేని చెయ్యి నాది. మీసాల మాప్‌కి వాడే నూనెమందొకటుంది. దాన్ని ముందురోజే దారం మీద పల్చగా చిలకరించి ఆరనివ్వాలి, అప్పుడు దుమ్ము దారానికి అంటుకుంటుంది. కస్టమర్లకి మాత్రం ఎంత పోస్తే అంత మెరుపని చెప్తాను, సీసా తొందరగా అయిపోవాలి కదా. ఆ పొద్దున ఆ సీసా పట్టుకుని హాలంతా తిరుగుతూ నేరుగా నేల మీదే కొట్టాను. ఒకటి అయిపోతే ఇంకొకటి తెచ్చాను. తర్వాత మాప్‌తో ఈ చివర నుంచి ఆ చివరికి పరిచాను.

అబ్బ, ఏం మెరుపు. నల్లని నీళ్ళు నిలిపి ఉంచినట్టుంది. మా ఆవిణ్ణి పిలిచి తలుపు దగ్గర నిలబెట్టి చూపించాను. బాగుంది కానీ జారుతుందేమో అంది. అసూయకి సొంత పెళ్ళాం కూడా మినహాయింపు కాదనుకున్నాను.

ఆ తర్వాత కాంప్లెక్స్ తెరుచుకుంది. మనుషులు రావడం మొదలైంది. పంటినొప్పి వాళ్ళు, కంప్యూటర్ పిల్లలు, ఆడిటరు దగ్గరికి ఫైళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. పాపం అందరూ మెల్లగానే నడిచారు. నడిచిన ప్రతి అడుగూ నేల మీద అచ్చు పడింది. నూనె మీద వీధి దుమ్ము అంటుకుని, మడమ, మునివేళ్ళు, అడుగున ఉన్న గీతలు, కంపెనీ గుర్తు, అన్నీ ముద్ర వేసినట్టు కనిపిస్తున్నాయి. మాప్ పట్టుకుని వెనకాల పరిగెత్తాను. మాప్‌కే నూనె కారుతోంది. ఒక అచ్చు చెరిపితే అది ఇంకా వెడల్పయింది.

మా తోడల్లుడు షాపులోంచి బయటికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎగ్జిబిషన్‌కి వచ్చినవాడిలా హాలంతా ఒకసారి కలియచూశాడు.

"భలే పని చేశారన్నయ్యా. నా షాపులో ఉన్న సైజులన్నీ నేల మీదే ఉన్నాయి. ఇక నేను స్టాకు లెక్క చూసుకోనక్కర్లేదు."

అంతలోనే లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఓనరమ్మ చేతికర్రతో బయటికి వచ్చి, కర్ర కొనతో నేలని తట్టి చూసి, అక్కడే ఆగిపోయింది. అటూ ఇటూ చూసింది. మా మరదలు కూడా వచ్చి నిలబడింది. మా ఆవిడ తల తిప్పుకుంది. నేల రెండుగా చీలి నన్ను మింగేస్తే బాగుండునని ఉంది కానీ, చీలితే ఆ రాయి పాడైందని ఓనరమ్మ మళ్ళీ నన్నే అంటుంది.

చేసేది లేక నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. అలా చూస్తుంటే నాలో వ్యాపారి మేలుకున్నాడు.

అడుగులు. పెద్ద తలుపులోంచి లోపలికి వచ్చిన అడుగులన్నీ ఒక్కసారిగా ఎడమవైపుకి తిరిగాయి. కొన్ని లిఫ్ట్ దగ్గరికి, కొన్ని మెట్ల దగ్గరికి. లిఫ్ట్ ముందు నిలబడ్డ అడుగుల మడమలు చెప్పుల షాపు వైపే ఉన్నాయి, మా మరదలు చెప్పింది నిజమే. మెట్ల వెనక్కి మాత్రం ఒక రాచబాట పడింది. వెళ్ళిన అడుగులు, వచ్చిన అడుగులు, ఒకదాని మీద ఒకటి. అదంతా నా షాపు వైపే కదా అని గుండె ఉప్పొంగింది. ఇంకాస్త పరీక్షగా చూస్తే అవి బాత్రూమ్‌లోకి వెళ్ళి, తిరిగొస్తూ నా గుమ్మం ముందు ఆగి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నా షాపుని నడిపింది నా నోరు కాదు. దాని గురించి తర్వాత ఏడవచ్చనుకుని చూపు కుడివైపుకి తిప్పాను.

మూల షాపు ముందు నేల నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఒక్క అడుగు లేదు. మచ్చుకి ఒక్కటి కూడా లేదు.

నూగు ఉండలు గుర్తొచ్చాయి. మనిషి తిరిగే చోట ఇసుక పడుతుంది, తిరగని చోట నూగు చేరుతుంది. నెలంతా నా చేటలోకి వచ్చి పడుతున్న కబురుని శుభ్రం అనుకుని మురిసిపోయాను. అది చచ్చిన చోటు. ఏ కాలూ అటు తిరగదు. ఇంత నడుము నొప్పీ పడి, నా చేతులారా నేను పాతాళంలోకి మెట్లు కట్టుకుంటున్నాను.

"నూనె ఎక్కువ కొట్టావు," అంది ఓనరమ్మ. "రేపటికి పోతుందిలే. రోజూ పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఒక్కరోజు కూడా మానలేదు నువ్వు. నాకది చాలు." నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసి, ఒక తాళంచెవి విడదీసి చాచింది. "తీసుకో. మూల నీది."

మా తోడల్లుడి మొహంలో నవ్వు ఆరిపోయింది. అతను చెప్పుల స్టాండు సర్దడం మొదలుపెట్టాడు, సర్దాల్సిందేమీ లేకపోయినా. మా మరదలు నా వైపు చూసి బలవంతాన నవ్వింది.

అంత వేగంగా నేను ఎప్పుడూ లెక్క కట్టలేదు. తాళంచెవి తీసుకుంటే చచ్చిన చోటు నా మెడకి. వద్దంటే ఓనరమ్మకి కోపం. అదే తోడల్లుడికి ఇప్పిస్తే పనికిరాని సరుకు వదిలిపోతుంది, పైగా పేరొస్తుంది. చెడిపోయిన సరుకుని బహుమతిగా ఇచ్చే అదృష్టం ఏ వ్యాపారికి దొరుకుతుంది? గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, మూల మా తమ్ముడికి ఇప్పించండి. అతనికే అవసరం. నాకు మెట్ల వెనకే హాయిగా ఉంది. ఇంకే చోటూ నాకొద్దు."

మా మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా తోడల్లుడు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఎంతకీ వదలకపోయేసరికి నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఓనరమ్మ తాళంచెవి అతని చేతిలో పెట్టి, నా వైపు తిరిగి, హాలు మాత్రం ఇకముందు కూడా నువ్వే చూసుకోవాలి, నీలాంటివాడు దొరకడు అంది. పేరు అలా వచ్చింది. కూలిపని కూడా దాని వెనకాలే వచ్చింది.

ఇంటికి చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. ఎన్నడూ ఫోన్ చెయ్యని మా అత్తగారు ఫోన్ చేసి, మీ మనసు ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాను బాబూ అంది. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు అందించి, నా పక్కన కూర్చుని, నా మొహంలోకి అలాగే చూస్తోంది. పెళ్ళి చూపుల్లో కూడా అలా చూడలేదు. మీలో ఇంత మంచితనం ఉందనుకోలేదు అంది.

అక్కడ నోరు మూసుకుని ఉంటే నా కథ సుఖంగా ముగిసేది. కానీ మంచివాడినని పేరు వస్తే సరిపోతుందా? తెలివైనవాడినని కూడా ఒక్కరికైనా తెలియాలి కదా. అడుగుల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఎడమకి తిరిగినవి, మెట్ల వెనక రాచబాట, మూల ముందు ఒక్క అచ్చు కూడా లేకపోవడం, నూగు, ఇసుక, అన్నీ. మీ చెల్లెలి మొగుడు ఆ చచ్చిన చోట ఈగలు తోలుకుంటాడు చూడు అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించింది.

"ఆ షాపు మూసి ఉంది కదండీ," అంది.

"అవును. అయితే?"

"మూసి ఉన్న షాపుకి ఎవరు వెళ్తారు?"

నా మొహం చూసి ఆవిడ చెయ్యి చాపి నా నుదురు ముట్టుకుని చూసింది.

తెల్లవారగానే ఉరికాను. ఏదో ఒకటి చెప్పి మాట వెనక్కి తీసుకుందామని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వెళ్ళేసరికి మూల షాపు షట్టర్లు రెండూ ఎత్తి ఉన్నాయి. మా తోడల్లుడు నిచ్చెన మీద నిలబడి, లోపల బూజు దులుపుతున్నాడు. నన్ను చూసి దిగి వచ్చాడు. రాత్రంతా నిద్ర పట్టలేదన్నాడు. "మిమ్మల్ని నేను చాలా తప్పుగా అనుకున్నాను అన్నయ్యా. ఎగతాళి చేశాను. మనసులో పెట్టుకోకండి." ఆ మర్యాదలో మొదటిసారి వెటకారం లేదు. నేను కూర్చుకున్న మాటలేవీ ఆ మొహం ముందు బయటికి రాలేదు. బూజు కళ్ళలో పడిందని చెప్పి, కళ్ళు నలుపుకుంటూ వచ్చేశాను.

ఇంకా ఒక దారి ఉంది. అతను మూలకి వస్తే లిఫ్ట్ ఎదుటి షాపు ఖాళీ అవుతుంది. మెట్ల వెనక కన్నా అది ఎంతో నయం. వీపులకి చెప్పులు అమ్మలేకపోవచ్చు కానీ, చీపురు వీపు చూపించేవాడికైనా తగులుతుంది. పైకి వెళ్ళి ఓనరమ్మని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది.

"ఇంకే చోటూ వద్దన్నావుగా నాయనా. ఆ మాట విని, పళ్ళ డాక్టరు మందుల షాపు పెట్టుకుంటానంటే నిన్న సాయంత్రమే ఇచ్చేశాను."

వారం తిరక్కుండా చెప్పుల షాపు మూలకి మారింది. వీధి వైపు షట్టర్ తెరిచి, రంగురంగుల చెప్పులు మెట్ల దాకా పరిచాడు. వీధిలో పోయేవాళ్ళు తల వంచకుండా, మెడ తిప్పకుండా బోర్డు చదువుతున్నారు. చదివి ఊరుకోవడం లేదు, లోపలికి వస్తున్నారు. మా మరదలికి చేతిలో టీ కప్పు పట్టుకునే తీరిక కూడా లేదు. నన్ను చూసినప్పుడల్లా లేచి నిలబడి, కస్టమర్లతో ఈయన మా బావగారు, ఈ షాపు ఆయన పెట్టిన భిక్షే అని చెప్తుంది. వాళ్ళు నన్నూ నా చేతిలోని మీసాల మాప్‌నీ మార్చి మార్చి చూస్తారు.

నా చేటలోకి కూడా లెక్క మారిన సంగతి చేరింది. మూల షాపు ముందు ఇప్పుడు నూగు లేదు. ఇసుక పడుతోంది. తలుపు దగ్గర కన్నా ఎక్కువ పడుతోంది. తుడిచి వచ్చేలోగా మళ్ళీ పడుతోంది.

మొన్న పొద్దున నేను చాలు మధ్యలో ఉండగా ఒకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. కాళ్ళకి బాగా మట్టి ఉంది. హాలంతా తళతళలాడుతుంటే అడుగు వెయ్యడానికి మొహమాటపడుతున్నట్టున్నాడు. చెప్పుల షాపు ఎక్కడండీ అని అడిగాడు. పక్కనే ఉన్న బోర్డు చూసుకోలేదు కాబోలు. చూసుకోలేదంటే ఆ బోర్డు కూడా నేననుకున్నంత గొప్పదేం కాదన్నమాట. ఆ ఆనందం ఒక్క క్షణం అనుభవించాను.

"ఇదిగో, ఇటే. ఫర్వాలేదు, నడవండి," అని మాప్ కర్రతో మూల వైపు చూపించాను.

ఆయన నడిచాడు. నేను చాలు వదిలేసి ఆయన వెనకాలే నెట్టుకుంటూ వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళాక, మీ ఇంట్లో నేల రాయిదా, సిమెంటుదా అని అడిగాను.